పాత కారు, నాలుగు చచ్చిన సెన్సార్లు

అమెరికాలో పాత కార్లు నడిపే మనవాళ్ళ బండి ఎక్కితే డాష్‌బోర్డు మీద ఒక పసుప్పచ్చ లైటు తరచుగా కనబడుతుంటుంది. అడ్డంగా కోసిన టైరు బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. "ఏంటిది?" అంటే "ఆఁ, సెన్సార్ లైటులే, అదెప్పుడూ అంతే" అంటారు. నా కారులోనూ అంతే. 2010 మోడల్ జపాన్ సెడాన్. (కంపెనీ పేరెందుకు లెండి. మనవాళ్ళు ఎమ్మెస్‌కి రాగానే కొనే రెండు మూడు కార్లలో అదొకటి.) నాకంటే ముందు ముగ్గురు తెలుగువాళ్ళ చేతులు మారింది. కారుతో పాటు రెండు తాళాలు, మంచు గీకే బ్రష్షు, అద్దానికి వేలాడే వెంకన్న, వాటితో పాటు ఈ లైటు గురించిన జ్ఞానం కూడా నాకు వారసత్వంగా వచ్చాయి. "తమ్ముడూ, ఇంజన్ లైటు వస్తే భయపడు, దీన్ని మాత్రం పట్టించుకోకు" అని చెప్పి హైదరాబాద్ ఫ్లైటెక్కాడు నాకు అమ్మిన అన్న. ఆయనకి కూడా అంతకు ముందాయన ఇదే చెప్పాడట.

మన భాషలో దీన్ని నోన్ ఇష్యూ అంటాం. టికెట్ క్లోజ్ చెయ్యరు, ఫిక్సూ చెయ్యరు. టీములో కొత్తగా చేరినవాడికి నోటితో చెప్తారు, అంతే. రోజూ వచ్చే అలర్టు మెయిలుకి తలా ఒక ఫోల్డరు, ఒక రూలు పెట్టుకుని మర్చిపోతాం చూడండి, అలాగన్నమాట. ఆ ఫోల్డర్లోకి నిజమైన మెయిలు వచ్చిపడిన రోజు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నా కారుకి అలాంటి రోజు 2025 జనవరిలో వచ్చింది. నేనుండేది ఒహాయోలోని కొలంబస్‌లో. మర్నాడు పొద్దున్నే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాలి. మూడు గంటల ప్రయాణం. కారులో ఐదుగురం, అందులో ఇద్దరు మా రూమ్మేటు వాళ్ళ అమ్మానాన్న, గుంటూరు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. దూరం వెళ్ళే ముందు టైర్లకి గేజి పెట్టి చూసే అలవాటు నాకు ఇంట్లో వచ్చింది. మూడు టైర్లలో 28, 29 అలా ఉంది. వెనక కుడి టైరులో 17. చూస్తే ఏ తేడా లేదు! రేడియల్ టైరు కదా, పక్కలు ఎప్పుడూ కాస్త ఉబ్బినట్టే ఉంటాయి, 17కీ 32కీ కంటితో తేడా పట్టడం కష్టం. తీరా తడిమి చూస్తే ఒక మేకు దిగి ఉంది. గాలి రోజుకింత చొప్పున పోతోంది.

గాలి తక్కువున్న టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, వంగినప్పుడల్లా వేడెక్కుతుంది. ఐదుగురి బరువుతో, డెబ్బై మైళ్ళ వేగంతో, మూడు గంటలు అలా వంగుతూ పోతే లోపలి పొరలు విడిపోవచ్చు. ఇక్కడ నన్ను ఆపిన సంగతేంటంటే, ఆ టైరు గురించి చెప్పడానికే పెట్టిన లైటు ఆ రోజు కూడా వెలుగుతూనే ఉంది, అంతకు ముందు ఐదారేళ్ళుగా వెలుగుతున్నట్టే.

అసలు ఈ లైటు ఎందుకు పుట్టిందో చదివాక ఇంకా చిరాకేసింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళకి వేసిన టైర్లు. వేగంగా పోతుండగా పై పొర ఊడిపోయి బండి పల్టీ కొట్టడం. చివరికి ప్రభుత్వ భద్రతా సంస్థ లెక్కలో ఆ టైర్లతో ముడిపడిన మరణాలు 271. టైరు కంపెనీ ఏమో బండిదే తప్పు, మీరు గాలి 26 చాలన్నారు అంది. కారు కంపెనీ ఏమో టైరుదే తప్పు అంది. (డెవలపరూ టెస్టరూ కొట్టుకోవడం మనకి కొత్తేం కాదు గానీ, ఇక్కడ మనుషులు పోయారు.) ఆ గొడవలోంచే 2000 నవంబరు 1న ట్రెడ్ చట్టం వచ్చింది. టైర్లో గాలి తగ్గితే డ్రైవరుకి చెప్పే ఏర్పాటు కొత్త కార్లలో ఉండాలని అందులో ఒక ముక్క. దాని మీద నిబంధనలు రాయడం, 2003లో కోర్టు వాటిని కొట్టెయ్యడం, మళ్ళీ రాయడం అన్నీ అయ్యి 2005లో ఖాయమైంది. 2007 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి.

ఆ నిబంధన చదివాను. అందులో లెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. కారు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసిన దానికంటే 25 శాతం గాలి తగ్గితే 20 నిమిషాల్లోపు లైటు వెలగాలి. అంటే నా 32 టైరుకి 24 అన్నమాట. సిస్టమే పాడైతే అదీ చెప్పాలి. ఎలాగంటే, తాళం తిప్పినప్పుడు అదే లైటు 60 నుంచి 90 సెకన్లు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలగొచ్చు. వేరే లైటు అక్కర్లేదు. ఇదిగో, నా గొడవంతా ఇక్కడే! తొంభై సెకన్ల తర్వాత "టైర్లో గాలి లేదు" అన్న మాటకీ "నాకు తెలీదు, నా సెన్సార్లు చచ్చిపోయాయి" అన్న మాటకీ ఒకటే బొమ్మ. సర్వర్ పడిపోయినా, పేజీ లేకపోయినా ఒకే ఎర్రర్ చూపించే వెబ్‌సైటు రాస్తే కోడ్ రివ్యూలో మన గతేమవుతుందో ఆలోచించండి. అపార్ట్‌మెంటు పార్కింగులోంచి బయటికొచ్చి మొదటి సిగ్నల్ చేరేలోపు ఆ మిణుకు అయిపోతుంది. ఎవరు చూశారు గనక?

పైగా సెన్సారు కనీసం ఇన్నేళ్ళు పనిచెయ్యాలని అందులో ఎక్కడా లేదు. కొత్త కారు షోరూములోంచి బయటికి వచ్చేటప్పుడు పనిచేస్తే చాలు.

సెన్సారు అంటే చక్రం లోపల, గాలి కొట్టే వాల్వుకి తగిలించి ఉండే చిన్న డబ్బా. గాలి పీడనాన్ని, వేడిని కొలిచి, తన నెంబరుతో కలిపి రేడియోలో పంపిస్తుంది. చక్రం తిరుగుతుంటే నిమిషానికోసారి అటూ ఇటూగా పంపుతుంది, ఆగితే నిద్రపోతుంది. లోపల గుండ్రటి లిథియం బ్యాటరీ ఉంటుంది, అది ఐదు నుంచి పదేళ్ళు వస్తుంది. ఆ బ్యాటరీ మార్చడానికి వీల్లేదు. బ్యాటరీ, సర్క్యూటు అన్నీ కలిపి జిగురులాంటి పదార్థంలో ముంచి గట్టిపరిచేస్తారు. బ్యాటరీ అయిపోతే సెన్సారు మొత్తం పారెయ్యడమే.

"ఐదు డాలర్ల బ్యాటరీ కోసం మొత్తం పారెయ్యడమా? దోపిడీ!" అని మా రూమ్మేటు అన్నాడు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, లెక్క వేసి చూశాక ఆ ఇంజనీర్ల మీద కోపం పోయింది. డెబ్బై మైళ్ళ వేగంలో నా టైరు సెకనుకి పదిహేను చుట్లు పైనే తిరుగుతుంది. ఇరుసు నుంచి ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉన్న సెన్సారు మీద పడే బలం దాని బరువుకి 190 రెట్లు దాటుతుంది. ముప్ఫై గ్రాముల డబ్బా దాదాపు ఆరు కిలోల రాయిలా బయటికి లాగుతుంటుంది. దీనికి తోడు వేసవిలో వేడి, చలికాలంలో గడ్డకట్టే చలి, గుంతలు. ఇలాంటి చోట మూత తీసి బ్యాటరీ మార్చుకునే ఏర్పాటు పెడితే ఆ మూతే మొదట ఊడిపోతుంది. జిగురులో ముంచడం సరైన నిర్ణయమే. పదేళ్ళ తర్వాత ఎవడు మారుస్తాడు, ఎందుకు మారుస్తాడు అన్నది ఎవరూ ఆలోచించలేదు, అదీ తప్పు. ఫీచరు ఇచ్చారు గానీ సపోర్టు ప్లాన్ లేదు.

మా మావయ్యకి విజయవాడలో లారీ ఉండేది. దారిలో టీకి ఆగినప్పుడల్లా క్లీనరు రాడ్డు పట్టుకుని ఒక్కో టైరునీ కొట్టుకుంటూ చుట్టూ తిరిగొచ్చేవాడు. గాలి నిండుగా ఉంటే ఒక మోత, తగ్గితే ఇంకో మోత. లోపలి జత టైరు కంటికి కనబడదు కాబట్టి చెవే దిక్కు. చిన్నప్పుడు ఏదో అలవాటుకి కొడతాడనుకునేవాణ్ణి. ఆ క్లీనరు మా మావయ్యకి ఏ టైరో కూడా చెప్పేవాడు. నా కారులో లైటు అది కూడా చెప్పదు. నాలుగింటికీ ఒకటే లైటు.

సరే, అసలు పనికొద్దాం. టైర్లు కూడా మార్చే టైమొచ్చింది. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూస్తే 1418, అంటే 2018లో పద్నాలుగో వారం. ఏడేళ్ళు దాటాయి, అరుగుదల కూడా చివరికొచ్చింది. సెన్సారు మార్చాలంటే ఎలాగూ టైరు రిమ్ము మీంచి దింపాలి కాబట్టి రెండూ ఒకేసారి చేస్తే ఆ కూలి కలిసొస్తుంది. మా ఇంటి దగ్గర పెద్ద టైర్ల షాపుకి వెళ్ళాను. సెన్సారు 95 డాలర్ల చొప్పున నాలుగు, ప్రోగ్రామింగుకి 60, మొత్తం 440 అన్నాడు. టైర్ల ఖర్చు వేరే. కారు అమ్మితే మూడున్నర వేలు వస్తే గొప్ప. "సెన్సార్లు వద్దు, టైర్లు మాత్రం వెయ్యండి" అంటే ఎలా ఉంటుందో చూద్దామని అడిగాను. "సెన్సార్లు చచ్చిపోయి ఉన్నాయి, చట్టం ప్రకారం నాలుగూ మార్చకుండా టైర్లు వెయ్యకూడదు" అన్నాడు.

చట్టం అనగానే మనవాళ్ళం ఎంత బెదురుతామో తెలుసుగా. వీసా మీద ఉన్నవాడికి ఆ పదం చాలు! ఇంటికొచ్చి వెతికాను. చట్టంలో ఉన్నది ఏంటంటే, పనిచేస్తున్న భద్రతా పరికరాన్ని రిపేరు షాపువాడు తెలిసి పనిచెయ్యకుండా చెయ్యకూడదు. చచ్చిపోయిన సెన్సారుతోనే బండి షాపుకి వస్తే ఏంటి? దీనికి భద్రతా సంస్థ 2011లో టైర్ల వ్యాపారుల సంఘానికి రాసిన ఉత్తరంలో జవాబు ఉంది. వచ్చేసరికే పాడై ఉన్నదాన్ని తీసి మామూలు రబ్బరు వాల్వు బిగిస్తే అది ఉల్లంఘన కాదు. బాగున్న సెన్సారుని షాపువాడే విరగ్గొట్టి అలాగే పంపితే మాత్రం తప్పు. సో, సెన్సార్లు మార్చాలన్న అతని మాట సరైనదే, చెప్పిన కారణమే తప్పు. నేను మార్చింది చట్టానికి భయపడి కాదు, గుంటూరు నుంచి వచ్చిన ఆ ఇద్దరు పెద్దవాళ్ళు వెనక సీట్లో కూర్చుని ఉండేవారు కాబట్టి.

"ఈ గోలంతా ఎందుకు, కొత్త కారు కొనొచ్చుగా, ఉద్యోగం చేస్తున్నావుగా" అని ఇంట్లో అడుగుతారు. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే అరవై రోజులు గడువు. 2022, 2023ల్లో తెలిసినవాళ్ళు కారు లోను చుట్టూ తిరిగిన తిరుగుళ్ళు చూశాక, అప్పు లేని పదిహేనేళ్ళ కారే నాకు ముద్దు. దాన్ని బాగా ఉంచుకోవాలి, అంతే.

మా అపార్ట్‌మెంట్లలో నాతో కలిపి నలుగురికి ఇదే లైటు వెలుగుతోంది. నలుగురం కలిసి సెన్సార్లు ప్రోగ్రాం చేసే చేతి పరికరం ఒకటి కొన్నాం. 232 డాలర్లు, తలా 58. నా సెన్సార్లు, ప్రోగ్రాం చేసుకునే రకం, ఒక్కోటి 32. అంటే నాకు మొత్తం 186లో తేలింది. టైర్లు ఎక్కించే కూలి ఎలాగూ ఇవ్వాల్సిందే.

ఇందులో సరదా భాగం ప్రోగ్రామింగే. కారు కంప్యూటర్లో నాలుగు సెన్సార్ల నెంబర్లు రాసి ఉంటాయి. ఆ నెంబర్లతో వచ్చే మాటే వింటుంది, పక్క కారు సెన్సారు అరిచినా పట్టించుకోదు. కొత్త సెన్సారు పెడితే కొత్త నెంబరు కారుకి చెప్పాలి. కొన్ని కార్లు కాసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి, కొన్నింటికి ఏవేవో బటన్లు నొక్కాలి, నాలాంటి కార్లకి స్టీరింగు కింద ఉండే ఓబీడీ పోర్టులోంచి రాయాలి. దీనికి ఇంకో దారి ఉంది. కారు కంప్యూటర్లోంచి పాత నెంబర్లు చదివి, అవే నెంబర్లని కొత్త సెన్సార్లలో రాసెయ్యడం. కొత్త నెట్‌వర్క్ కార్డుకి పాత మాక్ అడ్రసు పెట్టినట్టు. సెన్సార్లు మారినట్టు కారుకి అసలు తెలియనే తెలియదు. నేను ఇదే చేశాను. సెన్సారుని పరికరం పక్కన పెట్టి బటన్ నొక్కితే పది సెకన్లు. బిగించక ముందే నాలుగింటినీ లేపి చూశాను. పీడనం సున్నా, వేడి గది వేడి, బ్యాటరీ బాగుంది.

కొనే ముందు ఫ్రీక్వెన్సీ చూసుకోండి. అమెరికాలో 315 మెగాహెర్ట్జ్ కార్లు ఉన్నాయి, 433వీ ఉన్నాయి. పక్కింటాయన కారుకి సరిపోయింది కదాని మనకి సరిపోదు.

టైర్లు ఎక్కించడానికి ఊరి చివర ఒక చిన్న షాపు. స్పానిష్ మాట్లాడే పెద్దాయన, ఆయనా ఒక యంత్రమూ. సెన్సారు ఎక్కడుందో చూసుకుని, టైరు లాగేటప్పుడు యంత్రపు కొక్కెం దానికి తగలకుండా చక్రాన్ని తిప్పుకుని మరీ దింపాడు. ఒక పాత వాల్వు ముట్టుకోగానే పుటుక్కున విరిగింది. అల్యూమినియం కాడ, ఒహాయో రోడ్ల మీద చల్లే ఉప్పు, పదిహేనేళ్ళు. మరి విరక్కేం చేస్తుంది! అలాంటి కాడలో మామూలు ఇత్తడి పిన్ను పెడితే రెండు లోహాలూ కలిసి తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, నికెల్ పూతదే పెట్టాలి. ఇది నేను చదివి వెళ్ళాను, ఆయన చదవకుండానే అదే డబ్బా తీశాడు. నట్టు బిగింపు కూడా చాలా తక్కువ, బలంగా లాగితే తెగుతుంది. ఆయన టార్క్ పానా వాడాడు. పెద్ద షాపులో నాకు కనబడని శ్రద్ధ ఇది.

తీసిన నాలుగింటిలో మూడు చచ్చాయి, ఒకటి ఇంకా కొనప్రాణంతో పలుకుతోంది. దాన్నీ తీసేశాం, ఈడు అదే కదా. మళ్ళీ ఇంకో ఏడాదిలో దానికోసం టైరు దింపడం ఎవడికి ఓపిక?

తిరిగి వచ్చేటప్పుడు లైటు మిణుకుతూనే ఉంది. హైవే ఎక్కాక మూడో నిమిషమో నాలుగో నిమిషమో, చూస్తుండగానే ఆరిపోయింది. హైదరాబాద్‌లో ఉన్న అన్నకి ఫోన్ చేసి చెప్తే "ఆరిపోయిందా? బల్బు పోయిందేమో చూసుకో తమ్ముడూ" అన్నాడు. బల్బు బానే ఉందన్నా, తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు వెలిగి ఆరుతుంది అని చెప్పినా నమ్మినట్టు లేడు :)

ఇంకో సంగతి, ఆసక్తి ఉన్నవాళ్ళకి. సెన్సార్లు ఏం మాట్లాడుతున్నాయో విందామని ల్యాప్‌టాప్‌కి తగిలించే ముప్ఫై డాలర్ల రేడియో రిసీవరు ఒకటి పెట్టాను. ఆర్టీఎల్ 433 అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కిటికీ దగ్గర కూర్చుంటే పార్కింగులోకి వచ్చే కార్ల సెన్సార్ల నెంబర్లు తెర మీద వచ్చి పడుతున్నాయి. నేను చూసిన వాటిలో పాస్‌వర్డు లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, నెంబరు ఎప్పటికీ మారదు. రట్గర్స్, సౌత్ కరొలినా యూనివర్సిటీల పరిశోధకులు 2010లోనే ఇది చూపించారు. నలభై మీటర్ల దూరం నుంచి వినొచ్చని, దొంగ మాటలు పంపించి పక్కన పోతున్న కారులో లైటు వెలిగించొచ్చని. లైటు వెలిగితే వెలిగింది గానీ, ప్రతి చక్రమూ తన పేరు చెప్పుకుంటూ ఊరంతా తిరుగుతోందన్నది నాకు అంతగా రుచించలేదు. నెంబర్లు క్లోన్ చెయ్యడం అంత తేలికైంది కూడా ఇందువల్లే, అది వేరే విషయం.

పాత కారు కొనబోయేవాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. తాళం తిప్పి, మాటలాపి, రెండు నిమిషాలు డాష్‌బోర్డు చూడండి. లైటు క్షణం వెలిగి ఆరితే మంచిది. మిణికి నిలిస్తే సెన్సార్లు పోయాయి, ధరలో ఓ రెండొందలు తగ్గించమనండి. మిణక్కుండా నిలకడగా వెలిగితే గేజి పెట్టి నాలుగు టైర్లూ చూడండి. 2007 తర్వాత కారులో తాళం తిప్పినా ఆ లైటు అసలు వెలగలేదనుకోండి, ఎవరో బల్బు తీసేశారో, నల్ల టేపు అంటించారో కనుక్కోండి. ఇంకేమేం కప్పిపెట్టారో కూడా.

నా సెన్సార్ల నెంబర్లు, వేసిన తేదీ, ఫ్రీక్వెన్సీ ఒక కాగితం మీద రాసి గ్లోవ్‌బాక్సులో పెట్టాను. చలికి పది ఫారెన్‌హీట్ డిగ్రీలకి ఒక పీఎస్ఐ చొప్పున తగ్గుతుంది కాబట్టి నవంబరులో ఒకసారి గాలి నింపుకోవాలని కూడా దాని కిందే రాశాను. మా నలుగురి పరికరం ఇప్పుడు మూడో కారు దగ్గర ఉంది. ఆయన కారు 433 అని తేలింది, తెచ్చుకున్న సెన్సార్లు తిరిగి పంపించి వేరేవి ఆర్డర్ పెట్టాడు. అవి శుక్రవారం వస్తాయట.